వరుసగా 244 ఆటలు: జిమ్ స్టైన్స్ గురించి

(మెల్బోర్న్ పడమటి శివార్లలో తెలుగు కుటుంబాల వారాంతపు సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, మిత్రులకు, వెనక వరుసల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

మనవాళ్లకు ఎంసీజీ అనగానే క్రికెట్ గుర్తుకొస్తుంది. 2024 డిసెంబర్‌లో విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి ఆ మైదానంలో తొలి టెస్టు శతకం పూర్తి చేసుకున్నప్పుడు గ్యాలరీలో తండ్రి ముత్యాల రెడ్డి గారు కన్నీళ్లు పెట్టుకోవడం మనమంతా చూశాం. అయితే మార్చి నుంచి సెప్టెంబర్ దాకా ఆ మైదానం ఫుటీది, అంటే ఆస్ట్రేలియా తరహా ఫుట్‌బాల్‌ది. ఈ ఊళ్లో ఉద్యోగం చేస్తున్నవాళ్లకు తెలుసు, సోమవారం పొద్దున ఆఫీసులో మాటలు దేనితో మొదలవుతాయో.

నిర్వాహకులు నన్ను ఎవరైనా ఒక మాజీ ఫుటీ ఆటగాడి జీవితం గురించి మాట్లాడమన్నారు. వందలకొద్దీ గోల్స్ కొట్టినవాళ్లున్నారు, నాలుగైదు ప్రీమియర్‌షిప్‌లు, అంటే లీగ్ విజేత టైటిళ్లు, గెలిచినవాళ్లున్నారు. నేను ఎంచుకున్న మనిషి ఒక్క ప్రీమియర్‌షిప్ కూడా గెలవలేదు. ఈ దేశంలో పుట్టలేదు. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఈ ఆట ఆడనే లేదు. పేరు జిమ్ స్టైన్స్.

జిమ్ 1966 ఏప్రిల్ 23న ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో పుట్టాడు. ఆరుగురు పిల్లల్లో పెద్దవాడు. అక్కడ గేలిక్ ఫుట్‌బాల్ అని ఒక ఆట ఉంది. బంతి గుండ్రంగా ఉంటుంది. జట్టుకు 15 మంది. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, పిడికిలితో కొట్టి తోటివాడికి అందించవచ్చు. ఎంత పెద్ద ఆటగాడైనా అందులో జీతం ఉండదు. వారమంతా ఎవరి పని వాళ్లు చేసుకుని, తీరిక దొరికినప్పుడు సాధన చేసి, తమ ఊరి కోసం, తమ కౌంటీ కోసం ఆడతారు. 1984లో కుర్రాళ్ల స్థాయి ఆల్ ఐర్లాండ్ పోటీలో డబ్లిన్ జట్టు గెలిచింది. ఆ జట్టులో జిమ్ ఉన్నాడు. అక్కడే ఉండిపోయినా అతని ఆటకు ఏ లోటూ ఉండేది కాదు.

ఇక్కడ మెల్బోర్న్ క్లబ్బు పరిస్థితి వేరు. అది 1858లో పుట్టిన క్లబ్బు. ఈ ఆటకు తొలి నియమాలు 1859లో రాసుకున్నది ఆ క్లబ్బువాళ్లే. 1964 నాటికి 12 ప్రీమియర్‌షిప్‌లు గెలిచింది. ఆ తర్వాత గ్రహచారం తిరగబడింది. ఏళ్లు గడిచిపోతున్నా ఫైనల్స్, అంటే సీజన్ చివర పై జట్లు ఆడే నాకౌట్ ఆటల, గడప తొక్కలేదు. 1964 జట్టుకు నాయకుడైన రాన్ బరాసీ 1980ల తొలి ఏళ్లలో కోచ్‌గా తిరిగొచ్చాడు. ఆయన చూపు ఐర్లాండ్ మీద పడింది. పొడుగ్గా ఉండి, బాగా పరుగెత్తి, గాలిలోకి ఎగిరి బంతిని పట్టగల కుర్రాళ్లు అక్కడ ఉన్నారు. వాళ్లకు ఫుటీలో వాడే కోలబంతి నేర్పితే సరిపోతుంది కదా అని ఆలోచన. ఐర్లాండ్ పత్రికల్లో ప్రకటన వేయించారు. జిమ్ దరఖాస్తు పెట్టాడు, ఎంపికయ్యాడు, 1984 నవంబర్‌లో ఇక్కడికి బయలుదేరాడు. దాన్ని అప్పట్లో అందరూ ఐరిష్ ప్రయోగం అన్నారు. ప్రయోగం అనే మాటలోనే ఉంది, ఫలిస్తుందని ఎవరికీ పెద్ద నమ్మకం లేదని.

'కోలబంతి నేర్పితే సరిపోతుంది' అన్నాను. అసలు కష్టమంతా అక్కడే ఉంది. ఫుటీ ఎప్పుడూ ఆడని పెద్దలకు అది తెలియాలని కాస్త వివరంగా చెబుతాను.

గుండ్రటి బంతిని కాలి మీదికి ఎలా జారవిడిచినా అది ఒకేలా ఉంటుంది. కోలబంతి అలా కాదు. రెండు చేతులతో నిలువుగా పట్టుకోవాలి, పరుగెత్తుతూనే తన్నే కాలి వైపు చేత్తో దాన్ని పాదం మీదికి దించాలి. ఆ దించడంలో బంతి ఏమాత్రం పక్కకు ఒరిగినా, తన్నిన తర్వాత అది ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. సరిగ్గా తగిలితే బంతి వెనక్కి పల్టీలు కొడుతూ తిన్నగా పోతుంది. దీన్ని డ్రాప్ పంట్ అంటారు. ఇక బంతి పట్టుకుని పరుగెత్తేవాడు ప్రతి 15 మీటర్లకు ఒకసారి దాన్ని నేలకు కొట్టాలి, లేదా నేలకు తాకించాలి. ముందు కొన కిందికి వంగేలా, కాస్త ముందుకు విసిరి కొడితేనే అది మళ్లీ చేతికొస్తుంది. ఇక్కడి పిల్లలు ఐదో ఏట ఆస్‌కిక్ అనే పిల్లల శిక్షణలో చేరి, పెరట్లో, వీధిలో, స్కూలు మైదానంలో ఇదంతా చేసి చేసి, పదేళ్లు వచ్చేసరికి ఆలోచించకుండా చేస్తారు. జిమ్ దగ్గర ఆ పదేళ్లు లేవు. పైగా గుండ్రటి బంతి అలవాట్లు ఒంట్లో నిండా ఉన్నాయి. వీణ మీద బాగా చెయ్యి తిరిగినవాడికి వయొలిన్ ఇచ్చి, రేపటి కచేరీకి రమ్మన్నట్టుంది అతని పని.

1985లో అతణ్ణి అండర్ 19 జట్టులో ఆడించారు. తర్వాతి ఏడాది ప్రధాన జట్టులో చోటు లేక, కింది స్థాయి పోటీలో ప్రాహ్రన్ అనే క్లబ్బు తరఫున ఆడాడు. అలా కింద నలిగి, 1987లో మెల్బోర్న్ ప్రధాన జట్టులోకి వచ్చాడు. ఆ ఏడాదే అతనికి 21 ఏళ్లు నిండాయి.

ఆ 1987వ సంవత్సరమే మెల్బోర్న్ అభిమానులు ఎదురుచూసిన సంవత్సరం. 23 ఏళ్ల తర్వాత క్లబ్బు ఫైనల్స్‌కు చేరింది. రెండు ఫైనల్స్ గెలిచి, ప్రిలిమినరీ ఫైనల్‌లో, అంటే గ్రాండ్ ఫైనల్‌కు ముందు మెట్టు మీద, హాతోర్న్ జట్టును ఎదుర్కొంది. సెప్టెంబర్ నెల, వేవర్లీ పార్క్ మైదానం. మెల్బోర్న్ కెప్టెన్ రాబర్ట్ ఫ్లవర్ అప్పటికి 15 సీజన్లుగా ఆడుతున్నాడు. ఈ ఆటలో అంత సొగసుగా ఆడినవాళ్లు తక్కువ. ఆ ఏడాది దాకా అతనికి ఒక్క ఫైనల్ ఆడే భాగ్యం కూడా దక్కలేదు.

చివరి నిమిషాలకు వచ్చేసరికి మెల్బోర్న్ 4 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. ఫుటీలో నడిమి రెండు కంబాల మధ్య నుంచి బంతిని తంతే గోల్, 6 పాయింట్లు. పక్క కంబాల మధ్య నుంచి పోతే ఒక్క పాయింటే. అంటే హాతోర్న్‌కు గోల్ కావాలి, ఒక పాయింటు చాలదు. ఆఖరి క్షణాల్లో హాతోర్న్ ఆటగాడు గ్యారీ బకెనారాకు ఫ్రీ కిక్ దొరికింది. అంతలో సైరన్ మోగింది. సైరన్‌కు ముందు ఇచ్చిన ఫ్రీ కిక్‌ను సైరన్ తర్వాత కూడా తన్నవచ్చు. అయితే గోల్ దాదాపు 55 మీటర్ల దూరంలో ఉంది. అంత దూరం నుంచి, అంత ఒత్తిడిలో, అలసిన కాళ్లతో గోల్ పడటం చాలా కష్టం. మెల్బోర్న్ అభిమానులు ఊపిరి బిగబట్టి ఉన్నారు, కానీ లోపల ఆశ గట్టిగానే ఉంది.

ఫ్రీ కిక్ తన్నేవాడికి ఎదురుగా ప్రత్యర్థి ఒకడు నిర్ణీత చోట నిలబడవచ్చు. ఆ చోటును మార్క్ అంటారు. తన్నేవాడికీ, మార్క్ మీద నిలబడినవాడికీ మధ్య ఉన్న చోటులోంచి ఇంకెవరూ పరుగెత్తకూడదు. జిమ్ పరుగెత్తాడు. ఒక హాతోర్న్ ఆటగాడు ఖాళీగా కనిపిస్తే, వాణ్ణి కాపు కాయాలనే ధ్యాసలో అడ్డంగా దూసుకుపోయాడు. బద్ధకించి చేసిన తప్పు కాదది, అతిగా కష్టపడబోయి చేసిన తప్పు. అంపైర్ 15 మీటర్ల జరిమానా వేశాడు. బకెనారా ముందుకు జరిగాడు. ఇప్పుడు దూరం 40 మీటర్లు. తన్నాడు, గోల్ పడింది. హాతోర్న్ 2 పాయింట్ల తేడాతో గెలిచింది. రాబర్ట్ ఫ్లవర్‌కు అది చివరి ఆట అయిపోయింది. 272 ఆటలు ఆడిన మనిషి గ్రాండ్ ఫైనల్ చూడకుండానే మైదానం వదిలాడు.

డ్రెస్సింగ్ రూమ్‌లో కోచ్ జాన్ నార్తీ ఆ కుర్రవాడి ముఖం మీద ముఖం పెట్టి తిట్టడం టీవీ కెమెరాకు చిక్కింది. ఆ దృశ్యం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. కోచ్ ఆవేదన నాకు అర్థమవుతుంది, 23 ఏళ్ల నిరీక్షణ ఒక్క కిక్కుతో పోయింది. అయినా నేను స్కూల్లో పిల్లలతో పనిచేసే మనిషిని, ఆ దృశ్యం చూసినప్పుడల్లా నాకు మనసులో బాధ కలుగుతుంది. ఆట మొదలుపెట్టి మూడేళ్లు కూడా నిండని ఒక 21 ఏళ్ల పిల్లవాడు. అమ్మానాన్నలు భూగోళానికి అవతలి వైపున ఉన్నారు. దేశమంతా టీవీలో చూస్తోంది. (మరుసటి ఏడాది నుంచి లీగ్ ఈ జరిమానాను 15 నుంచి 50 మీటర్లకు పెంచింది. అంటే ఇప్పుడు అదే తప్పు చేస్తే తన్నేవాడు నేరుగా గోల్ నోట్లోకి వచ్చి నిలబడతాడు.)

ఇక్కడ ఒక మాట చెప్పాలి. జిమ్ కథను చాలామంది ఎలా చెబుతారంటే, 1987లో తప్పు చేశాడు, 1991లో పతకం గెలిచాడు, ఓటమే విజయానికి మెట్టు అని ముగిస్తారు. ఆ కథనం నాకు నచ్చదు. తప్పు ఎవరికీ ఏమీ నేర్పదు దానంతటది. ఆ నాలుగేళ్లలో ఏం జరిగిందన్నదే విషయం. జరిగింది ఏమిటంటే, అతను ప్రతి వారం వెళ్లి ఆడాడు.

1988లో మెల్బోర్న్ గ్రాండ్ ఫైనల్‌కు చేరింది.  మళ్లీ హాతోర్నే ఎదురైంది. 96 పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడింది. అప్పటికి గ్రాండ్ ఫైనల్స్‌లో అంత ఘోరమైన తేడా లేదు. జిమ్ జీవితంలో ఆడిన గ్రాండ్ ఫైనల్ అదొక్కటే.

ఇక అతని ఆట గురించి. జిమ్ 199 సెంటీమీటర్ల పొడగరి. రక్‌మన్‌గా ఆడేవాడు. అంపైర్ బంతిని పైకి లేపినప్పుడు, లేదా గీత దాటిన బంతిని లోపలికి విసిరినప్పుడు, రెండు జట్ల నుంచి చెరొక రక్‌మన్ ఎగురుతారు. బంతిని అరచేత్తో తట్టి, కింద కాచుకుని ఉన్న తమ చిన్న ఆటగాళ్లకు అందించాలి. ఆ రోజుల్లో రక్‌మన్ అంటే బరువైన మనిషి. భుజం వేసి, మోకాలు ఎత్తి, ఎదుటివాణ్ణి తోసి, తట్టి, తర్వాత బంతి వెనక నెమ్మదిగా వెళ్లే మనిషి. బలంలో జిమ్ వాళ్లకు సాటి రాలేదు. అతనికి ఉన్నది గేలిక్ ఆట ఇచ్చిన ఊపిరి. గేలిక్‌లో ఆటగాళ్లు మైదానమంతా అటూ ఇటూ పరుగెత్తుతూనే ఉంటారు. జిమ్ ఇక్కడా అదే చేశాడు. బంతిని తట్టిన మరుక్షణం పరుగు మొదలుపెట్టేవాడు. ఎదుటి రక్‌మన్ ఇంకా సర్దుకునేలోపు ఇతను 30 గజాల అవతల ఖాళీలో నిలబడి బంతి అందుకునేవాడు. జట్టుకు ఒక మధ్య వరుస ఆటగాడు అదనంగా దొరికినట్టయింది. మూడో క్వార్టర్ చివరికి ప్రత్యర్థి రొప్పుతుంటే ఇతను అప్పుడే మొదలుపెట్టినట్టు ఉండేవాడు. ఇప్పుడు ప్రతి కోచ్ పరుగెత్తే రక్‌మన్‌నే కోరుకుంటున్నాడు. ఆ దారి వేసినవాళ్లలో జిమ్‌ను ముందు వరుసలో చెప్పుకోవాలి.

నేను ఇందాక కోలబంతి కష్టాలు అంతసేపు ఎందుకు చెప్పానంటే, అతని గొప్పతనం ఇక్కడివాళ్ల ఆటను అచ్చంగా అనుకరించడంలో లేదు. తన్నడం నేర్చుకున్నాడు, అది తప్పదు కాబట్టి. కానీ తన ఊరి నుంచి తెచ్చుకున్న పరుగును పారేసుకోలేదు. ఇక్కడికి వచ్చిన మనలాంటివాళ్లం ఇక్కడివాళ్లలా ఉండటానికి ఏమేం వదిలేయాలో మాత్రమే లెక్క వేసుకుంటూ ఉంటాం.

1991లో లీగ్ ఉత్తమ ఆటగాడికి ఇచ్చే 'బ్రౌన్‌లో' (Brownlow) పతకం వచ్చింది. ప్రతి ఆట తర్వాత అంపైర్లు ముగ్గురు ఆటగాళ్లకు 3, 2, 1 చొప్పున ఓట్లు వేస్తారు. సీజన్ చివర అన్నీ కలిపి ఎక్కువ వచ్చినవాడికి పతకం. ఆ సీజన్‌లో దురుసు ఆటకు సస్పెండైనవాడికి ఎన్ని ఓట్లు వచ్చినా ఇవ్వరు. ఆటతోపాటు నడత కూడా చూసే పతకం కాబట్టే దానికి ఇక్కడ అంత గౌరవం. విదేశంలో పుట్టి, అక్కడే పెరిగి, తర్వాత వచ్చి ఆ పతకం గెలిచినవాడు ఇప్పటికీ జిమ్ ఒక్కడే. అదే ఏడాది తోటి ఆటగాళ్ల సంఘం కూడా ఉత్తమ ఆటగాడిగా అతణ్ణే ఎన్నుకుంది. అంపైర్ల ఓటు కన్నా నాకు ఆ ఓటు ఎక్కువ. నాలుగేళ్ల క్రితం టీవీలో తిట్లు తిన్న కుర్రవాణ్ణి, మైదానంలో అతనితో ఢీకొన్నవాళ్లే మెచ్చారు. మెల్బోర్న్ క్లబ్బు ఉత్తమ ఆటగాడి పతకం 1991లోనూ, మళ్లీ 1995, 1996, 1997లో వరుసగా మూడేళ్లూ అతనికే దక్కింది. ముప్పై ఏళ్ల వయసు చుట్టూ వచ్చిన ఆ మూడూ మరీ గొప్పవి.

అయితే నా ప్రసంగానికి పేరు పెట్టింది పతకం మీద కాదు, 244 అనే అంకె మీద. 1987 నుంచి 1998 దాకా జిమ్ ఒక్క ఆట కూడా తప్పకుండా వరుసగా 244 ఆటలు ఆడాడు. ఈ ఆటలో గాయం కాని వారం ఉండదు. పైగా రక్‌మన్ స్థానం, ప్రతి ఎగురులోనూ ఎదుటివాడి మోకాలు ఒంటికి తగులుతుంది. పక్కటెముకలు, మోకాళ్లు, చేతివేళ్లు, అన్నీ దెబ్బ తినేవే. 1998లో చెయ్యి విరిగేదాకా ఆ వరుస తెగలేదు. ఆ రికార్డు 27 ఏళ్లు నిలిచింది. 2025లో కాలింగ్‌వుడ్ ఆటగాడు జాక్ క్రిస్ప్ దాన్ని దాటాడు.

ఒక చిన్న లెక్క చూడండి. ఆ వరుస 1987లో మొదలైంది, అంటే వేవర్లీ పార్క్‌లో తప్పు జరిగిన ఆట కూడా ఆ 244లోనే ఉంది. దాని తర్వాతి ఆటకు అతను వచ్చాడు. ఆ తర్వాతి ఆటకూ వచ్చాడు. స్టాండ్లలోంచి ఆ మాట ఎత్తి దెప్పేవాళ్ల ముందుకు పదేళ్లకు పైగా, ప్రతి శనివారం వచ్చాడు. నాకు పతకం కన్నా ఇదే పెద్దగా కనిపిస్తుంది.

పిల్లలు ఉన్నారు కాబట్టి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. గాయాన్ని దాచిపెట్టి ఆడటం గొప్ప అని నేను అనడం లేదు. జిమ్ కాలంలో అలా ఆడటాన్ని మెచ్చుకునేవాళ్లు. ఇప్పుడు తలకు దెబ్బ తగిలి కంకషన్ అయితే కనీసం 12 రోజులు ఆడనివ్వని నిబంధన లీగ్‌లో ఉంది. అది మంచి నిబంధన. నొప్పి ఉంటే కోచ్‌కు చెప్పండి, ఇంట్లో చెప్పండి. ఆ విషయంలో ఆ తరాన్ని అనుసరించకండి.

1998 సీజన్‌తో జిమ్ ఆట ముగిసింది. మొత్తం 264 ఆటలు. ఆస్ట్రేలియా, ఐర్లాండ్ జట్లు రెండు ఆటల నియమాలూ కలిపి ఆడుకునే ఇంటర్నేషనల్ రూల్స్ పోటీలో రెండు దేశాల తరఫునా ఆడాడు. ఇప్పుడు ఆ పోటీలో ఆస్ట్రేలియా వైపు ఉత్తమ ఆటగాడికి ఇచ్చే పతకానికి జిమ్ పేరే పెట్టారు.

ఆటగాడిగా ఉండగానే, 1994లో, సినిమా దర్శకుడు పాల్ కర్రీతో కలిసి రీచ్ అనే సంస్థను మొదలుపెట్టాడు. యుక్తవయసు పిల్లల కోసం. పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టి, ఇంట్లో చెప్పుకోలేనివి, స్కూల్లో చెప్పుకోలేనివి చెప్పుకోనివ్వడం దాని పని. అక్కడ నడిపించేవాళ్లు పెద్దవాళ్లు కారు, కొన్నేళ్ల ముందు అదే గదిలో కూర్చుని వెళ్లిన యువకులే. నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి అది. పదిహేనేళ్ల పిల్లవాడు నాలాంటివాడికి నోరు విప్పడు, పంతొమ్మిదేళ్లవాడికి విప్పుతాడు. యువతలో ఆత్మహత్యల నివారణకు విక్టోరియా ప్రభుత్వం వేసిన కార్యదళంలోనూ ఆయన పనిచేశారు. విక్టోరియన్ ఆఫ్ ది ఇయర్ గౌరవం రెండుసార్లు దక్కింది. ఆ రెండు గౌరవాలూ ఫుటీకి ఇచ్చినవి కావు.

మన ఇళ్లలో ఈ విషయం మాట్లాడుకోం. మార్కులు అడుగుతాం, యూనివర్సిటీ ప్రవేశానికి చూసే ఏటీఏఆర్ ర్యాంకు ఎంత రావచ్చో అడుగుతాం, ట్యూషన్ మార్చమంటావా అని అడుగుతాం. 'పొద్దున లేవగానే నీ మనసు ఎలా ఉంటోంది' అని అడిగే అలవాటు మనకు లేదు. మన అమ్మానాన్నలు మనల్ని అడగలేదు, మనం పిల్లల్ని అడగడం లేదు. ఇల్లు, భాష, స్నేహితులు, అన్నీ రెండేసి ఉన్న పిల్లలు వీళ్లు. దయచేసి ఈ మాటను సభ కోసం చెప్పిన మాటగా తీసుకోకండి.

సరే, మళ్లీ మెల్బోర్న్ క్లబ్బు దగ్గరికి వద్దాం. 1996లో ఆ క్లబ్బు హాతోర్న్‌లో విలీనం కావడానికి సభ్యుల ఓటు దాకా వెళ్లింది. అవును, అదే హాతోర్న్. మెల్బోర్న్ ఓట్లు విలీనానికి అనుకూలంగా వచ్చాయి, హాతోర్న్ సభ్యులు కాదన్నారు కాబట్టి క్లబ్బు బతికింది. పన్నెండేళ్ల తర్వాత, 2008లో, అప్పులు దాదాపు 50 లక్షల డాలర్లు, జట్టు పట్టికలో అట్టడుగున. అప్పుడు జిమ్ స్టైన్స్ అధ్యక్ష పదవి తీసుకున్నారు. జీతం లేని పదవి. ఆ ఏడాదే 'డెట్ డెమాలిషన్' పేరుతో విరాళాల ఉద్యమం మొదలుపెట్టారు. మళ్లీ మళ్లీ అడిగారు. డబ్బున్నవాళ్లను అడిగారు, మామూలు అభిమానులనూ అడిగారు. 2010 ఆగస్టుకు క్లబ్బు అప్పు తీరిపోయింది.

ఆయన అధ్యక్షతలో అన్నీ బాగా జరిగాయని చెబితే నిజం చెప్పినట్టు కాదు. 2009లో కూడా జట్టు చివరి స్థానంలోనే నిలిచింది. ఆ సీజన్‌లో క్లబ్బు నడిచిన తీరు మీద తర్వాత లీగ్ దర్యాప్తు జరిపింది, కావాలని ఓడిపోయారన్నది రుజువు కాలేదు గానీ, 2013లో క్లబ్బుకు 5 లక్షల డాలర్ల జరిమానా పడింది. 2011 జూలైలో జీలాంగ్ చేతిలో 186 పాయింట్ల తేడాతో ఓడిపోయి, కోచ్‌ను తప్పించాల్సి వచ్చింది. క్లబ్బు ఖాతా బాగుపడింది, ఆట బాగుపడలేదు. గౌరవించే మనిషి గురించి ఇది కూడా చెప్పుకోవాలి, లేకపోతే మన మాటకు విలువ ఉండదు.

ఇదంతా జరుగుతున్న కాలంలో ఆయన చావుతో పోరాడుతున్నారు. 2009 జూలైలో విలేకరుల ముందుకు వచ్చి తనకు క్యాన్సర్ ఉందని స్వయంగా చెప్పారు. వీపు మీద గడ్డ కనిపించింది. మెలనోమా, అంటే చర్మ క్యాన్సర్లలో ప్రమాదకరమైనది, అప్పటికే ఒంట్లో పాకింది. తర్వాత మెదడుకూ వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఆపరేషన్. జుట్టు ఊడిన తల మీద కుట్లతో, క్లబ్బు కండువా మెడలో వేసుకుని ఆటలకు వచ్చిన ఫోటోలు మీలో కొందరు చూసే ఉంటారు. 2012 ఫిబ్రవరిలో పదవి వదిలారు. మార్చి 20న సెయింట్ కిల్డాలోని ఇంట్లో కన్నుమూశారు. 45 ఏళ్లు. భార్య, ఇద్దరు పిల్లలు. వారం తర్వాత సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. లోపల చోటు చాలక జనం ఫెడరేషన్ స్క్వేర్‌లో నిలబడి తెర మీద చూశారు.

మెలనోమా గురించి ఒక్క ముక్క. ప్రపంచంలో ఆ జబ్బు ఎక్కువగా ఉన్న దేశాల్లో ఆస్ట్రేలియా ఒకటి. మన చర్మానికి ముప్పు తక్కువే, బొత్తిగా లేదని కాదు. పుట్టుమచ్చ రంగో ఆకారమో మారితే డాక్టరుకు చూపించండి.

మెల్బోర్న్ క్లబ్బు 2021 సెప్టెంబర్‌లో ప్రీమియర్‌షిప్ గెలిచింది. 57 ఏళ్ల తర్వాత. కోవిడ్ వల్ల ఆ గ్రాండ్ ఫైనల్‌ను పెర్త్‌లో ఆడారు, ఈ నగరంలోని అభిమానులు లాక్‌డౌన్‌లో, ఇళ్లలో కూర్చుని చూశారు. అప్పులోంచి బయటపడకపోతే ఆ రోజు దాకా ఆ క్లబ్బు ఉండేదా అన్నది నాకు అనుమానమే.

ఐరిష్ ప్రయోగం ఆగలేదు. కెర్రీ నుంచి వచ్చిన టాయిగ్ కెనెల్లీ 2005లో సిడ్నీ జట్టుతో ప్రీమియర్‌షిప్ గెలిచాడు. జీలాంగ్ 2022లో గెలిచినప్పుడు ఆ జట్టులో ఇద్దరు ఐరిష్‌వాళ్లున్నారు. వాళ్లలో ఒకడైన జాక్ టూయీ 2023లో జిమ్ 264 ఆటల లెక్కను దాటాడు. ఇప్పుడు మహిళల లీగ్‌లో ఐర్లాండ్ నుంచి వచ్చి ఆడుతున్న అమ్మాయిలు ఎంతోమంది. వాళ్లలో ఎక్కువమంది గేలిక్ ఆడుతూ పెరిగినవాళ్లే, ఇక్కడికి వచ్చాకే కోలబంతి పట్టినవాళ్లే.

వెనక వరుసలో ఒక పాప ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తి ఉంచింది. ముందు తన ప్రశ్న విందాం. చెప్పమ్మా.